పట్టు జరిపే రాత్రి

బయట అర్ధరాత్రి ముప్పై ఎనిమిది.
లోపల మైనస్ మూడు.
రెండు తలుపుల నడుమ ఇరుకు గదిల
కళ్లద్దాలు మసక గాజులైతయి,
వీపు మీది చెమట ఉలిక్కిపడి ఆగుతది.

పొద్దంత జనం కాళ్లకు పలకలు కట్టుకొని
నలుగురు నలుగురు కూచొని పైకి పోయిన కుర్చీలు
ఇప్పుడు ఖాళీగ, కొంచెం కొంచెం ఊగుకుంట
మా కోసం ఆగి ఉంటయి.
దుబాయి పండుకున్నంక మా డ్యూటీ.

తాడెక్కుడు నాకు కొత్త గాదు.
మా దిక్కు చెట్టు పేరే తాడు.
పదేండ్లు మోకు నడుముకేసి, గుజి పాదాలకేసి
రోజుకు ముప్పై తాళ్లెక్కి దిగిన.
తాడెక్కెటోణ్ణి ఎంతదాక ఎగదోస్తరు అంటరు గదా,
ఇక్కడ మోటరు కొసదాక ఎగదోస్తది.

ఈ తాడుకు మొదలు లేదు, కొస లేదు.
ఉక్కు తీగెలు పేనితే పాయ,
ఆరు పాయలు పేనితే తాడు.
అతికిన కాడ ముడి కనబడది.
పోయినేడు ఆస్ట్రియా నుంచి వచ్చిన ముసలాయన
మూడు రోజులు మోకాళ్ల మీదుండి
నడిమి నారను కోసి తీసుకుంట,
నార ఉన్న తావుల పాయ కొసను దాచుకుంట
నలభై గజాలు అల్లిండు.
అయిపోయినంక నా చెయ్యి పట్టి తాడు మీద పెట్టిండు,
దేవులాడు అన్నట్టు.
నాకు అతుకు దొరకలే.
ఆయన నవ్వలే. తల ఊపిండు.

కుర్చీని తాడుకు కరిపించే ఇనుప పిడికిలిని
మేం పట్టు అంటం.
పట్టు ఒక్కతాననే ఉంటే తాడు ఆ తాననే అలుస్తది.
పైకి నున్నగ కనబడుకుంటనే
లోపలి తీగె చెప్పకుండ తెగుతది.
అందుకే లెక్కబెట్టిన గంటలకోసారి
బోల్టు వదులు చేసి, జానెడు వెనక్కి జరిపి,
మళ్ల బిగిస్తం. పానా టక్కుమంటే చాలు,
ఇంకింత బిగిస్తె నష్టమే.
నలభై రెండు కుర్చీలు. నలభై రెండు టక్కులు.

ఫుర్బాది నేపాల్ల ఎక్కడో పై ఊరు.
"ఇది మంచు గాదు భాయ్,
ఫ్రిజ్ గీకితే రాలేది" అంటడు.
అయినా రోజూ గ్లవ్సు తీసి
ఓ పిడికెడు ముక్కు కాడ పెట్టుకుంటడు.

ఈ రాత్రి మూడో స్తంభం కాడ
పన్నెండు రబ్బరు అంచు చక్రాల్ల
పదకొండు పాడుతున్నయి.
ఎడమ దిక్కు ఏడోది నములుతున్నది.
మోటరు ఆపిచ్చి, నిచ్చెనెక్కి,
తాడును లేపి, చక్రాన్ని చేత్తోని తిప్పి
చెవి ఆనిచ్చిన.
ఇసుక నమిలినట్టు.
ఎడారి ఇంత లోపలికి ఎట్లొచ్చిందో అనుకున్న.
గ్రీజు తీసి లైటు కింద చూస్తే
ఇసుక గాదు, ఉక్కు పిండి.

"వారం నడవనియ్యి" అన్నడు రెనాటో.
"పొద్దున పదింటికి రెండు బస్సుల బడిపిల్లలు."

మోకు తెగేముందు ఒక్క పోగు లేస్తది.
పోశెట్టి దాన్ని చూసిండు,
ఇంకొక్క చెట్టే గదా అనుకున్నడు.
ఇది రెనాటోకు ఏ భాషల చెప్పాలె?
రిజిస్టరు మూసి చంకల పెట్టుకున్న.
సంతకం లేకుంటే తాడు తిరగదు.
కొంచెం సేపు నా దిక్కు చూసి
తనే పోయి స్టోర్ తాళం తెచ్చిండు.

నాలుగున్నరకు కొత్త చక్రం.
పన్నెండు గొంతులు.
ఇంగ్లీషు గళ్ల కింద నా పేరు తెలుగుల రాసిన:
తాళ్లపల్లి ఓదెలు.

ఆఖరుకు ఒక చుట్టు నేనే కూచొని పోత.
పైకి అందరు కూచొనే పోతరు,
కిందికి మంచు మీద జారుతరు.
కూచొని కిందికొచ్చేది మెకానిక్ ఒక్కడే.
ఖాళీ కుర్చీలు ఎదురుంగ వచ్చుకుంట
ఒక్కొక్కటే పలకరించి పోతయి.

సోనాపూర్ బస్సుల
బూట్ల గాళ్లల్ల ఇరికిన మంచు కరిగి
కాళ్ల కింద చిన్న మడుగయింది.
పక్క సీటు మేస్త్రీ దాన్ని చూసి,
తలెత్తి,
ఏసీ యాడ కారుతున్నదో అని దేవులాడిండు.